బ్రేకు మాస్టారు వెనక సీట్లో కూర్చున్న రోజు

ఆ ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగం మంది బ్రేకు మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్లే. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాడు కూర్చునే పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, మాస్టారి కాలు దాని మీద నుంచి దిగిన పాపాన పోలేదు. ఎదురుగా కుక్క కనపడితే బ్రేకు. కుక్క కనపడకపోతే, ఏమో, ఏ సందులోంచి ఊడిపడుతుందోనని బ్రేకు. నేర్చుకునేవాడు కాస్త ధైర్యం చేసి మూడో గేరు వేశాడా, వాడి ముక్కు స్టీరింగుకి తగిలేలా బ్రేకు. ఆయన అసలు పేరు లైసెన్సు ఆఫీసు వాళ్లకి తెలుసేమో గానీ, ఊరందరికీ ఆయన బ్రేకు మాస్టారే.

ఇంట్లో మాత్రం ఆ కాలు ఊరుకుంటుందా? సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ, సినిమాలో హీరో పరుగెత్తితే నేలకేసి తొక్కేవాడు. ఆ చోట నేల మీద రంగు పోయింది కూడా. భార్య అది చూసి నవ్వుకునేది. ఆవిడ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన కరెంటు మిషన్, దాని చుట్టూ వీధిలోవాళ్ల జాకెట్లు, స్కూలు పిల్లల నిక్కర్లు. మాస్టారు పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు కాబట్టి సంసారం సజావుగా సాగిపోయింది. చాలా సంసారాల గుట్టు ఇంతే లెండి.

పెళ్లైన కొత్తలో ఆవిడ ఒకసారి అడిగింది, "ఏవండీ, నాకూ కారు నేర్పకూడదూ?" అని.

"నీకెందుకు? ఎక్కడికి వెళ్లాలన్నా నేను లేనూ?" అన్నాడు మాస్టారు.

లేడు. అదే విచిత్రం. ఆ 'నేను' ఎప్పుడు చూసినా ఎవరో ఒకరి పక్క సీట్లో బ్రేకు తొక్కుతూ ఉండేవాడు. ఆవిడ మాత్రం బట్టల మూట చంకన పెట్టుకుని బస్సులోనో, ఆటోలోనో, కాకపోతే కాళ్లీడ్చుకుంటూనో తిరిగేది. ఆడవాళ్లకి డ్రైవింగ్ రాదు లాంటి పిచ్చి మాటలు మాస్టారు అనేవాడు కాదు, ఆయన స్టూడెంట్లలో సగం మంది ఆడవాళ్లే మరి. తన భార్యకి రాదని మాత్రం ఆయనకి గట్టి నమ్మకం. నేర్పి చూశాడా అంటే, అబ్బే, లేదు.

అలాంటి మనిషిని కరోనా తెచ్చి ఇంట్లో పడేసింది. స్కూలు మూసేశారు. స్కూలు ముందు ఎండలో పెడితే పాడవుతుందని ఓనరు కారును మాస్టారి ఇంటికే పంపేశాడు. అది గేటు లోపల గుడ్డ కప్పుకుని పడుకుంది. మాస్టారు మాత్రం పడుకోలేదు. ఇక పక్కన కూర్చోవడానికి ఊళ్లో ఎవరూ లేరు కాబట్టి ఇంట్లోవాళ్ల పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు.

భార్య కూరలు తరుగుతుంటే స్టూలు లాక్కుని పక్కనే చేరేవాడు. "మెల్లిగా... మెల్లిగా... వేలు చూసుకో... ఆపు, ఆపు!" ఆవిడ మిషన్ మీద కూర్చుంటే, "మలుపు వస్తోంది, స్పీడు తగ్గించు" అనేవాడు. అక్కడ మలుపంటే చొక్కా కాలరు. కాలేజీ చదివే కూతురు ఫోన్లో క్లాసు వింటుంటే ఫోన్ వెనక కూర్చుని, "అర్థమైనట్టు తలూపు" అని గుసగుసలాడేవాడు. ఆ గుసగుస ఎంత మెల్లిగా ఉండేదంటే, ఓ రోజు లెక్చరరు పాఠం ఆపేసి, "మీ నాన్నగారికి అర్థమైందా అమ్మా?" అని అడిగాడు. క్లాసంతా గొల్లుమంది. కూతురు ఆ పూట అన్నం తినలేదు.

"అమ్మా, నాన్నకి ఏదో ఒక పని చూపించు. లేకపోతే నేను కరోనాతో కాదు, సిగ్గుతో పోతాను" అంది.

పని దానంతటదే వచ్చింది. స్కూలు ఓనరు ఫోన్ చేశాడు. "మాస్టారూ, డబ్బు కట్టినవాళ్లు ఊరుకోవట్లేదు. లోకంలో పాఠాలన్నీ ఫోన్లోనే అవుతున్నాయి, మనదెందుకు కాకూడదు? మీరు ఇంట్లోంచే క్లాసులు పెట్టండి."

ఫోన్లో డ్రైవింగ్ ఏమిటని మీరు నవ్వుతారు. మాస్టారు నవ్వలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. నట్టింట్లో కుర్చీ వేశాడు. పెద్ద గిన్నె మూత స్టీరింగ్. బకెట్లో నిలబెట్టిన గొడుగు గేరు. మూడు చెప్పుల పెట్టెలు నేల మీద పేర్చి వాటి మీద క్లచ్, బ్రేక్, యాక్సిలరేటర్ అని రాశాడు. కూతురు ఫోన్ పట్టుకోవాలి. తను నిలబడి చెప్పాలి. మరి ఆ కుర్చీలో కూర్చుని తొక్కి చూపించేదెవరు?

"ఇదిగో, ఒకసారి ఇలా రా" అని భార్యని పిలిచాడు.

"పొయ్యి మీద కూర ఉందండీ."

"కట్టేసి రా. నువ్వేం మాట్లాడక్కర్లేదు. నేను చెప్పినట్టు తొక్కితే చాలు."

అలా ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఒక చేతిలో గిన్నె మూత, ఒక చేతిలో గొడుగు. మొదటి రోజే తెర మీద నుంచి మందుల షాపు ఓనరు అడ్డు తగిలాడు. "మాస్టారూ, క్లచ్ ఎడమ పక్కన ఉంటుందన్నారు, ఇక్కడ మాకు కుడి పక్కన కనపడుతోందేంటి?"

నిజమే మరి. ఎదురుగా నిలబడి చూసేవాడికి కుర్చీలో ఉన్న మనిషి ఎడమ కాలు కుడి పక్కనే ఉంటుంది. కూతురు చెప్పింది, "నాన్నా, నేను కుర్చీ వెనక నుంచి తీస్తే సరిపోతుంది. వాళ్లకి సరిగ్గా కనపడుతుంది."

"వెనక నుంచి తీస్తే నా మొహం కనపడదు కదా" అన్నాడు మాస్టారు.

అందుకని ఫోన్ని కదల్చలేదు, పెట్టెల్ని కదిల్చాడు. క్లచ్ పెట్టె ఇటు, యాక్సిలరేటర్ పెట్టె అటు. తెర మీద అన్నీ ఎక్కడివక్కడ కుదిరాయి. "ఆఁ, ఇప్పుడు బాగుంది మాస్టారూ" అన్నారు అందరూ. కుర్చీలో ఉన్నావిడ కాళ్లు చూసుకుంది. "ఏవండీ, మరి నాకు తిరగబడ్డాయి కదా?"

"నువ్వేమన్నా లైసెన్సు తీసుకోబోతున్నావా? వాళ్లకి సరిగ్గా ఉంటే చాలు. కానీ, కుడికాలితో క్లచ్ తొక్కు."

ఊళ్లోవాళ్లు సోఫాల్లో కూర్చుని టీ తాగుతూ చూశారు. నిజంగా చేతులూ కాళ్లూ కదిపి నేర్చుకున్నది మాత్రం ఆవిడొక్కతే, అదీ తిరగేసి. రోజూ పొద్దున్నే కుడికాలితో క్లచ్, గొడుగుతో గేరు, ఎడమకాలితో యాక్సిలరేటర్. మాస్టారు "ఇంజన్ ఆగిపోయింది!" అని గిన్నె మూత మీద గట్టిగా కొట్టేవాడు. గొడుగు రెండో వారానికే విరిగింది. ఆవిడ విసుక్కుంటూనే చేసింది గానీ, ఒక్క మాట చెప్పాలి, పొయ్యి దగ్గర నిలబడి కూడా కాళ్లు కదిపి చూసుకోవడం కూతురు ఒకటి రెండు సార్లు చూసింది.

మాస్టారు ఇంట్లోనే కూర్చుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. సరుకుల కొట్టు ముందు జనం దూరం దూరంగా నిలబడటానికి ముగ్గుతో గుండ్రాలు గీశారు. వాటిని చూసి ఆయన కాలు ఆగలేదు. రోజూ వెళ్లి, "ముందు బండికీ మీకూ మధ్య దూరం ఉండాలి! వెనక్కి, వెనక్కి!" అని ఒక్కొక్కరి దగ్గరికీ పోయి మరీ చెప్పాడు. ముక్కు కింద మాస్కు, మాట స్పష్టంగా వినపడాలని. అందరూ దూరం పాటించారు, ఒక్క మాస్టారు తప్ప. వారం తిరక్కుండా జ్వరం పట్టుకుంది.

పడగ్గదిలో వేసి తలుపు దగ్గరికి వేశారు. మొదట్లో ఆయన గొంతుకి తలుపు అడ్డమేమీ కాలేదు. "ఆ మిక్సీ ఎవరు తిప్పుతున్నారు? ఆపండి!" "కుళాయి కట్టేశారా?" ఇంట్లో ఇద్దరూ చెవులు మూసుకుని, దేవుడా ఈ నోరు కాసేపు మూతపడితే బాగుండును అనుకున్నారు. తర్వాత తర్వాత గొంతు తగ్గింది. ఒక రోజు పొద్దున్న అసలు వినపడలేదు. నోరు మూతపడాలని కోరుకున్న ఇల్లే ఆ నిశ్శబ్దానికి హడలిపోయింది. ఆవిడ తలుపు తోసి చూసేసరికి మాస్టారు మంచం అంచున రెండు చేతులూ ఆన్చి కూర్చుని ఉన్నాడు. ఊపిరి తీయడమే పెద్ద పని అయినట్టు భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వేలికి పెట్టే మిషన్లో అంకె చూసి కూతురు మొహం పాలిపోయింది.

ఫోన్లో డాక్టరు నాన్చలేదు. "వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. ఇప్పటికి ఒక మంచం ఉంది. ఎంతసేపు ఉంటుందో చెప్పలేను. ఒక్కరే వెంట రండి."

అంబులెన్సుకి ఫోన్ చేస్తే అన్నీ తిరుగుతున్నాయి, వరసలో ఉండండి అన్నారు. వరసలో ఉండటానికి మాస్టారి దగ్గర ఊపిరి ఉండొద్దూ? అప్పుడు కూతురికి తోచింది. "నాన్న ఊరంతటికీ కార్లు నేర్పారు కదమ్మా. ఎవరో ఒకరు రారా?"

మందుల షాపు ఓనరుకి చేసింది. ఆయన కారు సర్వీసులో ఉందట. లాక్‌డౌన్‌లో ఏ షెడ్డు తెరిచారో ఆయనకే తెలియాలి. మాస్టారి దగ్గరే నేర్చుకున్న టీచరమ్మకి చేసింది. ఆవిడకి మోకాళ్ల నొప్పులట. ఇంకొకాయన, "అయ్యయ్యో, మాస్టారికా! మాకు దేవుడితో సమానం. ఏదైనా కావాలంటే చెప్పమ్మా" అని, ఏం కావాలో చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు. ఎదురింటి బ్యాంకు ఆఫీసరు ఒక్కడే నిజం చెప్పాడు, కిటికీలోంచి. "నాకు భయమమ్మా. దానికి తోడు, మాస్టారు పక్కన కూర్చుని బ్రేకు వెయ్యకపోతే నాకు ఈ రోజుకీ నడపడం రాదు."

ఆ మాట మాస్టారికి కూడా వినపడింది. అప్పటికే ఆయన, "నేనే... నడుపుతా" అంటూ గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. మూడడుగులు వేసి మెట్టు మీద కూలబడ్డాడు. అక్కడి నుంచి తలెత్తి చూసేసరికి భార్య మేకుకి ఉన్న తాళంచెవి తీసి, కారు మీద గుడ్డ లాగేస్తోంది.

"నువ్వా?" అన్నాడు. "వద్దు. ఆటో..."

"ఆటోలు లేవు, అంబులెన్సు లేదు, మీ శిష్యులసలే లేరు. నేనున్నాను. లేవండి."

మాస్టారు అలవాటు కొద్దీ పక్క సీటు తలుపు మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఆ చెయ్యి తీసేసింది. "వెనక పడుకోండి. ఆ బ్రేకు మీ కాలి కింద ఉంటే మనం ఆస్పత్రికి చేరినట్టే."

ఇన్నేళ్లలో మాస్టారు ఆ కారు వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు. అక్కడ బ్రేకు లేదు. పట్టుకోవడానికి కిటికీ మీద చిన్న పిడి ఒక్కటే ఉంది. కూతురు గేటు తెరిచి, ఏడుపు ఆపుకుంటూ పక్కకి జరిగింది.

"క్లచ్... తొక్కి... స్టార్ట్..." అన్నాడు మాస్టారు.

ఆవిడ తొక్కింది. కుడికాలితో. బండి వీధి అదిరిపోయేలా గర్జించింది. గేటు పక్కన పడుకున్న కుక్క దెబ్బకి లేచి పరుగందుకుంది. ఆవిడ కాళ్ల వంక చూసుకుంది, తర్వాత అద్దంలోంచి ఆయన వంక చూసింది.

"మీ మొహం కనపడాలని పెట్టెలు మార్చారు కదూ?"

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. ఎంతమందికో నేర్పాడు, ఎవరి దగ్గరా ఇలా తలవంచుకోలేదు. ఆవిడ చెప్పులు విడిచి పక్కకి తోసింది, ఉత్త కాళ్లతో ఒక్కొక్క పెడల్‌నీ తడిమి చూసుకుంది. బండి ఒకసారి ఆగిపోయింది. మళ్లీ ఆగిపోయింది. మూడోసారి కారు ఓ కుప్పిగంతు వేసి గేటు దాటింది. పాలిపోయిన మొహంతో మాస్టారు ఏదో చెప్పబోయాడు.

"మీరు మాట్లాడకండి. ఆ ఊపిరి దాచుకోండి. మీరు ఎడమ అంటే నా కాలు కుడి అనుకుంటోంది. నన్ను నా మానాన వదిలెయ్యండి."

రోడ్లు ఖాళీ. షట్టర్లు దించిన కొట్లు, మనిషి లేని సిగ్నళ్లు ఎర్రగా, పచ్చగా వాటిపాటికవి వెలుగుతున్నాయి. ఆవిడ సాఫీగా నడిపిందని చెబితే అబద్ధం. మలుపు తిరిగినప్పుడు పేవ్‌మెంటు ఎక్కి దిగింది. ఒక చెత్త డబ్బా ఆమె పుణ్యాన కొత్త చోటుకి మారింది. మాస్టారి కాలు ముందు సీటు వీపుని టకటకా తన్నుతూనే ఉంది. ఆవిడ పట్టించుకోలేదు. కుట్టు మిషన్ పెడల్‌ని ఏళ్ల తరబడి తొక్కిన పాదం కదా, ఎంత నొక్కితే ఎంత కదులుతుందో మెల్లిగా దానికే అంతుపట్టింది.

పెద్ద రోడ్డు మొదట్లో పోలీసు అడ్డం పెట్టిన కమ్మీ ఉంది. కానిస్టేబులు లాఠీ ఊపుకుంటూ వచ్చి, కారు నెత్తి మీద డ్రైవింగ్ స్కూలు బోర్డు చూశాడు. కోపం నెత్తికెక్కింది.

"ఏమ్మా! జనం ప్రాణాలు పోతుంటే మీకు డ్రైవింగ్ నేర్చుకోవడం కావలసొచ్చిందా? లైసెన్సేదీ?"

"లేదు."

"లేదా! మరి నేర్పేవాడెక్కడ?"

"వెనకున్నారు. ఊపిరి అందట్లేదు."

కానిస్టేబులు వంగి చూశాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ తర్వాత కమ్మీని తనే ఎత్తి పట్టుకుని, "పోనీండమ్మా! తొందరగా పోనీండి!" అని అరిచాడు.

ఆ కారులో కూర్చున్న ఏ డ్రైవరుకీ అంతకుముందు ఎవరూ ఆ మాట చెప్పి ఉండరు. ఆవిడ మూడో గేరు వేసింది. కాసేపాగి నాలుగోది కూడా. నాలుగో గేరు ఆ కారుకి ఉందని మాస్టారే మరిచిపోయి చాలా కాలమైంది. కిటికీల్లోంచి గాలి దూసుకొచ్చింది గానీ, ఆ గాలి ఆయన లోపలికి పోవడం లేదు. చచ్చిపోతానేమో అని అప్పుడే మొదటిసారి భయం వేసింది ఆయనకి. మామూలు భయం కాదు, చిన్నపిల్లాడి భయం. ఆ భయంలోనే ఆయన కళ్లకి ఆవిడ మెడ వెనక చెమట కనపడింది. ఆవిడకీ భయంగానే ఉంది, తనకంటే ఎక్కువే ఉందేమో, అయినా నడుపుతోంది. ఎదుటివాళ్ల భయాన్ని ఇన్నేళ్లూ కాలితో తొక్కిపెట్టాడే గానీ, ఇలా ఎప్పుడూ చూడలేదు. ఒక మంచి మాట చెబుదామనుకున్నాడు. చెప్పడానికి ఊపిరి చాలలేదు.

ఆస్పత్రి గేటు దగ్గర తల నుంచి కాళ్ల దాకా ప్లాస్టిక్ తొడుక్కున్న ఇద్దరు చక్రాల కుర్చీతో వచ్చి ఆయన్ని దింపుకున్నారు. ఆవిడ వెంట నడవబోతే ఆపేశారు. "ఇక్కడితో సరమ్మా. మీరు ఇంటికెళ్లిపోండి. మేం ఫోన్ చేస్తాం." కుర్చీ లోపలికి పోతుంటే మాస్టారు తల తిప్పి చూశాడు. ఆవిడ ఉత్త కాళ్లతో, చేతిలో తాళంచెవితో అక్కడే నిలబడి ఉంది. తలుపు మూసుకుపోయింది.

మంచం దొరికింది. మొహానికి మాస్కు పెట్టి గాలి వదిలారు. "ఇంకాస్త ఆలస్యమై ఉంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు" అంది నర్సు, ఎవరితోనో మాట్లాడుతూ. ఇప్పుడైనా చేతుల్లో ఉందో లేదో ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నానికి పక్క మంచం ఖాళీ అయింది. ఆ మంచం మీదాయన ఇంటికి వెళ్లలేదని మాస్టారికి అర్థమైంది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది.

"ఏవండీ, నేను. ఇంటికి చేరాను. చేరడమంటే, బండి వీధిలోనే ఉంది. మన గేటు ముందు అడ్డంగా ఆగిపోయింది. దాన్ని లోపలికి పెట్టాలంటే వెనక్కి నడపాలి కదా. ముందుకు పోవడమే చెప్పారు మీరు, వెనక్కి రావడం చెప్పలేదు."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. చెప్పాల్సిన పాఠం ఒకటి మిగిలిపోయింది! మాస్కు కిందికి లాగి, "ముందు... అద్దంలో... చూసుకుని..." అన్నాడో లేదో, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నర్సు ఒక్క అంగలో వచ్చి మాస్కు పైకి లాగి, "నోరు మూసుకుని పడుకోండి!" అని కసిరింది. అవతల ఆవిడకి అంతా వినపడింది. ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

"ఇప్పుడేం చెప్పొద్దు. ఇంటికొచ్చి చెబుదురు గాని. బండి అడ్డంగా ఉండి ఎదురింటి ఆఫీసరు కారు బయటికి రావట్లేదట, అరుస్తున్నాడు. పోలీసుని పిలుస్తాడట. పిలుచుకోమన్నాను. వీధి వీధంతా వచ్చి నా మీద పడినా సరే, మీరొచ్చి పక్కన కూర్చుని చెప్పేదాకా ఆ బండిని అంగుళం కదపను. వింటున్నారా?"

మాస్టారు తలూపాడు. ఫోన్లో తలూపితే కనపడదన్న సంగతి ఆయనకి తోచలేదు. కళ్లనీళ్లు పక్కకి జారి చెవుల్లోకి పోతున్నాయి.

"వింటున్నారా అండీ?" అంది ఆవిడ మళ్లీ. ఈసారి ఆ గొంతులో ధైర్యం లేదు.

"ఊఁ" అన్నాడు మాస్టారు మాస్కులోంచి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని.